బావి ఊపిరి పీల్చాలంటే ఏ సాఫ్ట్‌వేర్ కావాలి?

తమ్ముడూ, నువ్వు అడిగింది నాకు సరిగ్గా అర్థమైందో లేదో ముందు చూసుకుందాం. ఖమ్మం దగ్గర మీ ఊళ్ళో వాడకం మానేసిన గిలక బావి మీద పన్నెండు నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీశారు. షూటింగ్ అయిపోయింది, ఎడిటింగ్ సగంలో ఉంది. రాత్రి సీన్‌లో ఆ బావి ఊపిరి పీలుస్తున్నట్టు ఒక శబ్దం కావాలి. యూట్యూబ్‌లో దొరికిన దెయ్యం సౌండ్లన్నీ ఎక్కడో విన్నట్టే ఉన్నాయి. నీ దగ్గర 8 జీబీ ర్యామ్ ఉన్న పాత విండోస్ ల్యాప్‌టాప్, ఓ ఆండ్రాయిడ్ ఫోను, వైరు ఇయర్‌ఫోన్లు ఉన్నాయి. డబ్బులు లేవు. "ఫ్రీగా వచ్చే వాటిలో సౌండ్ డిజైన్‌కి ఏది మంచిది అన్నా? సంగీతం రాకపోతే కుదరదా? ఫ్రెండ్స్ క్రాక్ వేసుకోమంటున్నారు, వేసుకోనా?" ఇంతే కదా.

క్రాక్ సంగతి ముందు తేల్చేస్తా. వద్దు. 2014లో నేను పనిచేస్తున్న ఓ చిన్న స్టూడియోలో ఎవరిదో పెన్‌డ్రైవ్ తెచ్చి ఖరీదైన రివర్బ్ ప్లగిన్ (శబ్దానికి గది మోత తెచ్చిపెట్టే అదనపు ప్రోగ్రాం) ఒకటి వేశాం. రెండో రోజుకి ఫైళ్ళ పేర్లన్నీ మారిపోయాయి, ఒక్కటీ తెరుచుకోలేదు. మూడు వారాల డబ్బింగ్ గంగపాలు. డబ్బింగ్ చెప్పినావిడ అప్పటికే ఊరెళ్ళిపోయింది. ఆవిడని మళ్ళీ పిలిపించడానికి అయిన ఖర్చుతో ఆ ప్లగిన్ రెండుసార్లు కొనుక్కోవచ్చు. పైగా నీకు కావలసిన పనికి ఖరీదైనవి అక్కర్లేదు కూడా. ఎందుకో చెప్తాను.

సంగీతం రాకపోయినా ఫర్వాలేదు. నాకూ రాదు.

సౌండ్ సాఫ్ట్‌వేర్లలో నేను చూసినంతవరకు రెండు జాతులున్నాయి. ఒకటి కిరాణా కొట్టు లాంటిది. లోపల వేల శబ్దాలు తయారుగా ఉంటాయి, నువ్వు వెళ్ళి ఏరుకోవాలి. రెండోది రోలు లాంటిది. దానిలో సొంతంగా ఏమీ ఉండదు. నువ్వేది వేస్తే దాన్ని రుబ్బి ఇస్తుంది. డబ్బు పెట్టి కొనేవాటిలో కొట్లు ఎక్కువ. ఉచితంగా దొరికేవాటిలో రోళ్ళు ఎక్కువ, అందులో కొన్ని కొనేవాటికన్నా వింతైనవి. కారణం వాటి పుట్టుకలో ఉంది. చాలావరకు యూనివర్సిటీల్లో, స్వరకర్తల ఇళ్ళలో, ఎవరో ఒకరి పిచ్చి ఆసక్తి వల్ల పుట్టాయి. అమ్మాలనే ఆలోచన లేదు కాబట్టి అందరికీ నచ్చాలనే భయమూ లేదు. నువ్వు యూట్యూబ్‌లో విన్న దెయ్యాలన్నీ ఒకేలా ఉండడానికి కారణం అందరూ ఒకే కొట్టుకి వెళ్ళడమే. నీ బావి శబ్దం కొట్లో దొరకదు. మీ ఊళ్ళో రికార్డు చేసుకుని రోట్లో వేయాలి.

అందుకని సాఫ్ట్‌వేర్ కంటే ముందు రికార్డింగ్ గురించి చెప్పాలి. విసుగనుకోకు, సగం పని ఇక్కడే అయిపోతుంది.

ఫోనులో మామూలుగా ఉండే వాయిస్ రికార్డర్ మాటల కోసం తయారైంది. అది మన గొంతు కాని ప్రతిదాన్నీ రొద అనుకుని తొక్కేస్తుంది. నీకు కావలసిందేమో ఆ రొదే. కాబట్టి వేవ్ ఫార్మాట్‌లో, 48 కిలోహెర్ట్జ్‌లో రికార్డు చేసే యాప్ ఏదైనా వేసుకుని, నాయిస్ సప్రెషన్, ఆటో గెయిన్ అనే వాటిని ఆపెయ్యి. పాత రికార్డింగులు ఎం4ఏలో ఉంటే, తర్వాత చెప్పబోయే ఆడాసిటీ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వాటిని నేరుగా తెరవకపోవచ్చు, ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే దాన్ని విడిగా పెట్టుకోవాలి. ఇంట్లో రికార్డు చేస్తే ఫ్యాను, ఫ్రిజ్ ఆపు. నా అనుభవంలో అన్నిటికంటే మంచి స్టూడియో టైము కరెంటు పోయినప్పుడు. వీధి మొత్తం ఒక్కసారి నిశ్శబ్దమైపోతుంది, అప్పటిదాకా ఎంత గోల ఉందో అప్పుడు తెలుస్తుంది. ఒకటే చిక్కు, పక్కింటి ఇన్వర్టర్ జుంయ్యిమంటూ మొదలవుతుంది. అయినా పట్టించుకోకు.

ఏమేం రికార్డు చేయాలంటే: గిలక కిర్రుమనే చప్పుడు, ఖాళీగా తిప్పినప్పుడు ఒకటి, బరువుతో తిప్పినప్పుడు ఒకటి. ఖాళీ స్టీలు బిందెలో మూతి పెట్టి నువ్వు ఊపిరి పీల్చి వదిలే శబ్దం. ఎండుటాకుల మీద నడక. ఒక స్టీలు కంచంలో అరగ్లాసు నీళ్ళు పోసి, అంచు మీద గరిటెతో కొట్టి, వెంటనే కంచాన్ని అటూ ఇటూ వంచు. నీళ్ళు కదిలినకొద్దీ మోత సాగుతూ వంకర్లు పోతుంది. ఇంగ్లీషు హారర్ సినిమాల్లో వినిపించే వాటర్‌ఫోన్ అనే వాయిద్యం పనిచేసేది ఈ సూత్రం మీదే. మన వంటింట్లో వంద రూపాయల కంచం ఆ పని చేసి పెడుతుంది. ఇక ముఖ్యమైనది, బావి గొంతు. ఫోనుని గుడ్డలో చుట్టి, మైకు ఉన్న వైపు తెరిచి ఉంచి, బొక్కెనలో పెట్టి నీళ్ళకి బారెడు పైదాకా దించు. పైనుంచి ఒకరు బుడగ పగలగొట్టాలి. ఒకే ఒక్క టప్పుమన్న చప్పుడు, తర్వాత బావి సద్దుమణిగేదాకా ఎవరూ మాట్లాడకూడదు. నాలుగైదు బుడగలు పట్టుకెళ్ళు, మొదటిసారి ఎవరో ఒకరు నవ్వుతారు. ఆ రికార్డింగు ఎందుకో తర్వాత చెప్తాను.

ఇప్పుడు రోళ్ళ దగ్గరికొద్దాం. మొదటిది ఆడాసిటీ. పేరు వినే ఉంటావు. 1999లో అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో డొమినిక్ మజోనీ, రోజర్ డానెన్‌బర్గ్ మొదలుపెట్టారు. 2000 నుంచి అందరికీ ఉచితం. దీన్ని అందరూ పాడ్‌కాస్ట్ కోసుకోవడానికే వాడతారు, లోపల ఏముందో తెరిచి చూడరు. నీ పనిలో ముప్పాతిక దీనితోనే అయిపోతుంది.

గిలక రికార్డింగు తెరువు. ఎఫెక్ట్ మెనూలో ఛేంజ్ స్పీడ్ అండ్ పిచ్ ఉంటుంది, అక్కడ స్పీడ్ మల్టిప్లయర్ 0.25 ఇవ్వు. శబ్దం నాలుగింతలు పొడుగై రెండు స్థాయిలు (ఆక్టేవ్‌లు) కిందికి దిగుతుంది. అప్పటిదాకా తుప్పు పట్టిన ఇనుము అనిపించింది ఇప్పుడు ఏదో పెద్ద జంతువు మూలిగినట్టు ఉంటుంది. నేను ఎన్నిసార్లు చేసినా ఆ క్షణంలో ఒళ్ళు జలదరిస్తుంది.

ఇక్కడ ఒక లెక్క తెలుసుకో, చాలామంది ఇక్కడే నిరాశపడి వదిలేస్తారు. 48 కిలోహెర్ట్జ్‌లో రికార్డు చేస్తే అందులో ఉండగలిగే అత్యధిక ఫ్రీక్వెన్సీ దానిలో సగం, అంటే 24 కిలోహెర్ట్జ్. వేగం నాలుగో వంతుకి తగ్గిస్తే అది 6 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. ఆ పైన అంతా ఖాళీ. అందుకే సాగదీసిన శబ్దం దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు ఉంటుంది. దానికి ఈక్వలైజర్ (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత వినపడాలో పెంచి తగ్గించేది) తిప్పి లాభం లేదు, లేనిదాన్ని పెంచలేవు. దాని మీద ఇంకో శబ్దాన్ని మామూలు వేగంలో పరచాలి. ఎండుటాకులు చెప్పింది అందుకే. కింద మూలుగు, పైన సన్నగా ఆకుల గరగర. రెండూ ఒకే సమయానికి లేచి పడేలా అమర్చితే చెవి వాటిని ఒకే ప్రాణి అనుకుంటుంది.

ఆడాసిటీలోనే పాల్‌స్ట్రెచ్ అని ఉంది. రుమేనియాకి చెందిన నాస్కా ఆక్టేవియన్ పాల్ తయారుచేసిన పద్ధతి అది. జిన్‌యాడ్‌సబ్‌ఎఫ్ఎక్స్ అనే ఉచిత సింథసైజర్ (శబ్దాన్ని తానే పుట్టించే సాధనం, పొట్టిగా సింథ్) కూడా ఆయనదే. ఇది స్పీడు తగ్గించదు. శబ్దాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, ప్రతి ముక్కలో ఏయే స్వరాలు ఎంతెంత బలంగా ఉన్నాయో చూసి, వాటి ఫేజ్‌ని (తరంగం ఏ చోట మొదలవుతుందో దాన్ని) చెల్లాచెదురు చేసి, ముక్కల్ని ఒకదాని మీద ఒకటి పరుచుకుంటూ పోతుంది. స్థాయి (పిచ్) మారదు, కాలం మాత్రం సాగుతుంది. స్ట్రెచ్ ఫ్యాక్టర్ 10 ఇస్తే మూడు సెకన్ల కంచం మోత అరనిమిషం పొగమంచైపోతుంది. టైమ్ రిజల్యూషన్ 0.25 సెకన్ల దగ్గర మొదలుపెట్టు, పెంచేకొద్దీ నునుపు వస్తుంది. చప్పట్లు, తలుపు కొట్టడం లాంటి దెబ్బ శబ్దాలు దీనికి పనికిరావు, దెబ్బంతా కరిగిపోయి ఊరికే హోరు మిగులుతుంది. గంట, కంచం, గొంతు లాంటి మోగేవాటికి మాత్రం దీన్ని మించింది నేను చూడలేదు.

ఇంకో రెండు చిట్కాలు, ఇవి ఎక్కడా పెద్దగా చెప్పరు. ఒకటి నాయిస్ రిడక్షన్. దాన్ని రొద తీసేయడానికే వాడతారు. అందులో రెసిడ్యూ అని ఒక ఆప్షన్ ఉంటుంది. అది నొక్కితే తీసేయబోయే భాగం మాత్రమే వినిపిస్తుంది. అసలు అది రొదతో పాటు మాట కూడా పోతోందేమో చూసుకోవడానికి పెట్టింది. నువ్వు తలకిందులు చెయ్యి. ఒక గుసగుసని రికార్డు చేసి, అందులోంచే చిన్న ముక్కని రొద అని చూపించి, రెసిడ్యూ తీయి. మాట కాదు, మాట నీడ వస్తుంది. ఆ గుసగుస అమ్మాయిదైతే సీన్‌లో వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి.

రెండోది, ఫొటోని శబ్దంగా తెరవడం. ఫైల్ మెనూలో ఇంపోర్ట్ కింద రా డేటా అని ఉంటుంది. బావి ఫొటోని 300 బై 300 పిక్సెల్స్‌కి కుదించి, 24 బిట్ బీఎంపీగా సేవ్ చేసి, దాన్ని 8 బిట్ అన్‌సైన్డ్, మోనో, 44,100 అని చెప్పి తెరువు. ఒక్కో పిక్సెల్‌కి మూడు బైట్లు, అంటే ఒక్కో వరసకి 900 బైట్లు. 44,100ని 900తో భాగిస్తే 49. కాబట్టి నీ ఫొటో దాదాపు 49 హెర్ట్జ్ దగ్గర, ఆరు సెకన్ల పాటు గుర్రుగుర్రుమంటుంది. బీఎంపీలో వరసలు మామూలుగా కిందనుంచి పైకి ఉంటాయి కాబట్టి ముందు నీళ్ళు వినిపిస్తాయి, చివర్లో ఆకాశం. జేపెగ్‌తో చేయకు, అది కుదించిన ఫైలు, వట్టి హోరే వస్తుంది. వాల్యూమ్ బాగా తగ్గించి, ఇయర్‌ఫోన్లు చెవిలోంచి తీసి మొదటిసారి వినాలి. ఇది సరదాకి చెప్పడం లేదు, నాకు ఓసారి రోజంతా చెవిలో గుయ్యిమంది. సినిమాలో ఇది పనికొస్తుందో లేదో నువ్వే చూసుకో. నేను పదిసార్లు చేస్తే రెండుసార్లు వాడుకున్నాను.

రెండో రోలు అసలు సిసలైనది, కంపోజర్స్ డెస్క్‌టాప్ ప్రాజెక్ట్. పొట్టిగా సీడీపీ అంటారు. ఇంగ్లాండులోని యార్క్‌లో 1980ల రెండో సగంలో కొందరు స్వరకర్తలు కలిసి మొదలుపెట్టారు. అప్పట్లో కంప్యూటర్‌తో శబ్దాల పని చేయాలంటే పెద్ద సంస్థల్లో ఉండే యంత్రాల దగ్గర వంతు దొరకాలి. వీళ్ళు అటారీ ఎస్‌టీ అనే ఇంటి కంప్యూటర్ తీసుకుని, దాని మీదే ఆ పనులన్నీ చేయించాలనుకున్నారు. కొన్ని సెకన్ల శబ్దం కోసం చాలాసేపు కాచుకుని కూర్చోవాల్సి వచ్చేది, అయినా యంత్రం మన బల్ల మీదే ఉంది కదా. వాళ్ళలో ట్రెవర్ విషార్ట్ ముఖ్యుడు. మనిషి గొంతు మెల్లగా తేనెటీగల గుంపుగా మారిపోయే రచన ఆయనది, 1986 నాటిది. చాలా ఏళ్ళు అమ్మి, 2014లో సీడీపీని ఉచితం చేసేశారు, సోర్స్ కోడ్‌తో సహా.

ఇందులో వందల కొద్దీ చిన్న చిన్న ప్రోగ్రాములుంటాయి. ఒక్కోటి ఒక్క వింత పనే చేస్తుంది. విషార్ట్ కనిపెట్టిన వేవ్‌సెట్ అనే ఆలోచన మాత్రం నీకు చెప్పి తీరాలి. శబ్దాన్ని పూసల దండ అనుకో. తరంగం సున్నా గీతని దాటి పైకెళ్ళి, కిందికొచ్చి, మళ్ళీ గీత దగ్గరికి చేరేదాకా ఒక పూస. డిస్టార్ట్ అనే కుటుంబంలోని ప్రోగ్రాములు ఈ పూసలతో ఆడుకుంటాయి. ఒకటి ప్రతి పూసనీ నాలుగుసార్లు గుచ్చుతుంది. ఒకటి మధ్యమధ్య పూసలు తీసి ఖాళీ వదిలేస్తుంది. ఇంకోటి పక్కపక్కన ఉన్నవాటిని కలిపి సగటు పూస చేస్తుంది. నీ ఊపిరిని ఇందులో వేస్తే, ఊపిరి హోరు కాబట్టి ఏ పూసకా పూస వేరుగా ఉంటుంది. పునరావృతం చేసేసరికి అది గొంతులో గురగురలా, తడి మట్టి ఉడికినట్టు అయిపోతుంది. ఇలాంటిది కొనే ప్లగిన్లలో ఎక్కడో అరుదుగా తప్ప కనపడలేదు నాకు.

దీని లోపమూ చెప్పాలి. అసలు సీడీపీకి ముఖం లేదు, నల్ల తెర మీద ఆజ్ఞలు టైపు చేయాలి. విండోస్‌కి సౌండ్‌షేపర్ అనే బొత్తాల పెట్టె ఒకటి చాన్నాళ్ళుగా ఉంది, కొంచెం పాత వాసన. ఈమధ్య సౌండ్‌థ్రెడ్ అని ఉచితంగానే వచ్చింది, అందులో డబ్బాల్ని తీగలతో కలుపుకుంటూ పోవడమే. దానితో మొదలుపెట్టు. చాలా ప్రోగ్రాములు మోనో (ఒకే ఛానెల్ ఉన్న) ఫైలే అడుగుతాయి, స్టీరియో ఇస్తే మొహమాటం లేకుండా ఎర్రర్ పడేస్తాయి. టెన్షన్ పడకు, ఆడాసిటీలో మోనో చేసి ఇవ్వు.

బుడగ రికార్డింగు గుర్తుందా? దాని పని ఇప్పుడు. గోల్కొండకి వెళ్ళినప్పుడు గైడు ముఖద్వారం కప్పు కింద చప్పట్లు కొట్టి, పైన బాలాహిసార్‌లో వినిపిస్తుందని చూపిస్తాడు చూడు. ఒక్క చప్పుడు ఆ రాళ్ళకి తగిలి ఎలా తిరిగొస్తుందో అదే ఆ కట్టడం సంతకం. నీ బుడగ చప్పుడు మీ బావి సంతకం. కన్వల్యూషన్ అనే లెక్కతో ఆ సంతకాన్ని ఏ శబ్దం మీదైనా వేయవచ్చు. సీడీపీలో దానికి ఫాస్ట్‌కన్వ్ అనే ప్రోగ్రాముంది. బిందెలో రికార్డు చేసిన నీ ఊపిరి ఒక ఫైలు, బుడగ చప్పుడు రెండో ఫైలు. బయటికొచ్చేది మీ బావిలోనే కూర్చుని పీల్చిన ఊపిరి. ఎవరో వేరే దేశంలో రికార్డు చేసిన చర్చి రివర్బ్ వేస్తే ప్రేక్షకుడికి కారణం తెలియకపోయినా బొమ్మకీ శబ్దానికీ పొత్తు కుదరలేదని తెలిసిపోతుంది. ఒకవేళ సంతకం స్థానంలో బుడగ కాకుండా గుడిగంట మోత ఇస్తే? ఊపిరి గంటలా మోగుతుంది. రెండో ఫైలు గదిదే అయి ఉండాలని ఎక్కడా నియమం లేదు.

మూడోది నాకు ముద్దుగా అనిపించేది, వర్చువల్ ఏఎన్ఎస్. సోవియట్ యూనియన్‌లో యెవ్‌గేనీ ముర్జిన్ అనే ఇంజనీరు 1930ల చివర్లో ఊహించి, 1950ల చివరికి పూర్తిచేసిన యంత్రం ఏఎన్ఎస్. అలెగ్జాండర్ నికొలాయెవిచ్ స్క్రియాబిన్ అనే స్వరకర్త పేరులోని మొదటి అక్షరాలు అవి. తిరిగే గాజు పళ్ళేల మీద తరంగాలు ముద్రించి, వాటిగుండా వెలుగు పంపి, మొత్తం 720 శుద్ధ స్వరాలు పుట్టించేవాడు. నల్ల పూత పూసిన గాజు పలక మీద గోకి గీస్తే, గీసినచోట వెలుగు దాటి శబ్దమయ్యేది. తార్కోవ్‌స్కీ 1972లో తీసిన సొలారిస్ సినిమాకి స్వరకర్త ఎదువార్ద్ అర్తేమియెవ్ ఈ యంత్రాన్నే వాడాడు. ఆ యంత్రం మాస్కోలో ఒక్కటే ఉంది. దాన్ని అలెగ్జాండర్ జొలోతోవ్ అనే ప్రోగ్రామర్ మన కంప్యూటర్లకి తగ్గట్టు రాసి ఉచితంగా పెట్టాడు. సన్‌వాక్స్ అనే చిన్న మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ కూడా ఇతనిదే, ఎంత ముసలి ల్యాప్‌టాప్ మీదైనా నడుస్తుంది.

తెర నల్లగా ఉంటుంది. ఎడమనుంచి కుడికి కాలం, కిందనుంచి పైకి స్థాయి (పిచ్). తెల్లగా గీసినచోట మోగుతుంది. నేను మొదటిసారి తెరిచి ఏం గీయాలో తోచక చుక్కల ముగ్గు వేశాను. చుక్కలు చిన్న చిన్న టుంగుమనే మోతలయ్యాయి, మెలికలు తిరిగిన గీతలు పైకీ కిందికీ జారే ఏడుపులయ్యాయి. మా ఇంట్లో వాళ్ళు పక్కగదిలోంచి వచ్చి ఏమిటా గోల అన్నారు. నీకైతే రెండు పనులు చేయమంటాను. కింద మూడో వంతులో మందమైన మసక మేఘం ఒకటి గీసి, దాన్ని ఉబ్బించి సన్నబరుచు, అది బావి అడుగు హోరు. తర్వాత నీ గిలక ఫైలునే ఇందులో తెరువు, శబ్దం బొమ్మగా మారుతుంది. ఆ బొమ్మలో కొన్ని గీతలు చెరిపేసి, కొన్నిటిని పైకి సాగదీసి, మళ్ళీ శబ్దంగా మార్చుకో.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. వీసీవీ ర్యాక్ 2017లో ఆండ్రూ బెల్ట్ తెచ్చింది. వేలకు వేలు పోసి కొనే మాడ్యులర్ సింథ్ పెట్టెల్ని (ముక్కలు ముక్కలుగా కలుపుకునే సింథసైజర్లని) తెర మీద వరసగా పెట్టి వైర్లు గుచ్చుకోవచ్చు. గాలి శబ్దానికి ఇది భలే ఉంటుంది: నాయిస్ మాడ్యూల్‌ని ఫిల్టర్‌లోకి పంపి, ఆ ఫిల్టర్ కటాఫ్‌ని (అది కోసే చోటుని) వేర్వేరు వేగాలున్న రెండు నెమ్మదైన ఎల్‌ఎఫ్‌ఓలతో (నెమ్మదిగా ఊగే తరంగాలతో) కదిలించు, రెజొనెన్స్ (ఆ చోట మోత) కొంచెం పెంచు. తలుపు సందులోంచి వచ్చే ఈల గాలి సిద్ధం. రికార్డర్ మాడ్యూల్ కూడా ఉచితమే. కాకపోతే నీ ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ పాతవైతే ఫ్యాను గోలతోనే అసలు గాలి వస్తుంది. ఉచిత వెర్షన్ ప్లగిన్‌గా పనిచేయదు, ప్లగిన్ కావాలంటే కార్డినల్ అనే దాని తమ్ముడున్నాడు. వైటల్, సర్జ్ ఎక్స్‌టీ అనేవి గొప్ప ఉచిత సింథ్‌లు, పాటలు చేసుకునేవాళ్ళకి ఇంకేమీ అక్కర్లేదు, నీకు ఇప్పుడు అవసరం లేదు. వల్హల్లా సూపర్‌మాసివ్ అనే ఉచిత రివర్బ్ ఒకటి వేసుకో, అంతు లేని చోటు కావాలంటే అదే. ప్యూర్ డేటా, సూపర్‌కొలైడర్, సీసౌండ్ అనే పేర్లు వింటావు. శబ్దాన్ని మొదటి ఇటుక నుంచి సొంతంగా కట్టుకునేవి అవి. మిల్లర్ పకెట్ చేసిన ప్యూర్ డేటాకి ఇప్పుడు ప్లగ్‌డేటా అనే చక్కటి రూపం వచ్చింది, ఈ సినిమా అయ్యాక వేసవి సెలవుల్లో చూసుకో. గడువు తలమీదున్నప్పుడు తెరవకు.

దేన్నైనా తయారుచేసినవాళ్ళ సొంత సైటు నుంచే దించుకో. ఫ్రీ డౌన్‌లోడ్ అని పెద్ద పచ్చ బొత్తం ఉన్న మూడో చోటు జోలికి పోకు.

ఇప్పుడు బొమ్మకి అతికించడం. ఆడాసిటీలో వీడియో కనపడదు, అదే దాని పెద్ద లోటు. మీ ఎడిటింగ్ డావిన్చీ రిజాల్వ్‌లో జరుగుతోంటే, ఉచిత వెర్షన్‌లోనే ఫెయిర్‌లైట్ అనే పేజీ ఉంది, శబ్దాలన్నీ అక్కడ పరుచుకో. ఆ పేరు ఉత్త పేరు కాదు. 1979లో సిడ్నీలో పీటర్ వోగెల్, కిమ్ రైరీ తెచ్చిన ఫెయిర్‌లైట్ సీఎంఐ అనే యంత్రంతోనే, బయటి శబ్దాన్ని రికార్డు చేసి కీబోర్డు మెట్ల మీద వాయించడం స్టూడియోల్లో వ్యాపించింది. దాని ధరకి అప్పట్లో ఇల్లు వచ్చేది. ఆ పేరే ఇవాళ నీ తెర అడుగున ఓ చిన్న ట్యాబ్. 8 జీబీతో రిజాల్వ్ ముక్కుతుంది, కాబట్టి శబ్దాలు వేరుగా చేసి తెచ్చి చివర్లో మాత్రమే తెరువు. అన్నీ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్‌గా ఎగుమతి చెయ్యి. రీపర్ అనే సౌండ్ సాఫ్ట్‌వేర్ వాడమని ఎవరైనా అంటే అది మంచిదే, కానీ ఉచితం కాదు, 60 రోజుల తర్వాత 60 డాలర్ల లైసెన్సు తీసుకోవాలి.

ఊపిరి అమర్చేటప్పుడు నేను నేర్చుకున్న విషయం ఒకటి. మనిషి చెవి ఊపిరిని గుర్తుపట్టేది శబ్దం రకంతో కన్నా దాని నడకతోనే. లోపలికి మూడు సెకన్లు, కాస్త ఆగి, బయటికి అయిదు. ఈ నడక ఉంటే తుప్పు గిలక కూడా ఊపిరే. అదే నడక ప్రతిసారీ ఒకేలా ఉంటే మాత్రం పంపు సెట్టు అయిపోతుంది. మూడోసారి కొంచెం ఆలస్యం చెయ్యి. అయిదోసారి మధ్యలో ఆపెయ్యి, రాబోయేదాని కోసం ప్రేక్షకుడే ఊపిరి బిగబడతాడు. లోపలికి పీల్చే భాగానికి, బయటికి వదిలినదాన్నే రివర్స్ చేసి వాడితే ఏదో తేడాగా, ఇది మనిషి కాదన్నట్టు ఉంటుంది.

నీ సినిమా ఎక్కువమంది ఫోనులో చూస్తారు. ఫోను స్పీకరులో బావి అడుగు హోరు అసలు వినపడదు, ఆ చిన్న స్పీకరుకి అంత లోతు అందదు. కాబట్టి ఆ హోరుని కాపీ చేసి, కాపీకి ఆడాసిటీలో డిస్టార్షన్ కాస్త ఎక్కించి, 100 హెర్ట్జ్ కింద కోసేసి, అసలుకి పక్కన చిన్నగా కలుపు. పై స్వరాలు వినిపిస్తే చెవి కిందిదాన్ని ఊహించుకుంటుంది. మిక్స్ అయ్యాక ఒకసారి ఇయర్‌ఫోన్లలో, ఒకసారి ఫోను స్పీకరులో విను. బ్లూటూత్‌లో వింటూ అతికించకు, ఆలస్యం వల్ల అన్నీ పక్కకి జరిగినట్టుంటాయి.

కీచురాళ్ళు, దూరపు కుక్కల అరుపు లాంటివి సమయానికి దొరక్కపోతే ఫ్రీసౌండ్ అనే సైటు చూడు. బార్సిలోనాలోని పొంపెయు ఫాబ్రా యూనివర్సిటీ వాళ్ళు 2005 నుంచి నడుపుతున్నారు. ప్రతి శబ్దం పక్కనా లైసెన్స్ ఉంటుంది. సీసీ జీరో అయితే ఎలాగైనా వాడుకో. అట్రిబ్యూషన్ అంటే చివరి టైటిల్స్‌లో పేరు వేయాలి. నాన్ కమర్షియల్ అని ఉన్నదాన్ని, రేపు యూట్యూబ్‌లో డబ్బులొచ్చే ఆలోచన ఉంటే, ముట్టుకోకు.

బావి దగ్గరికి ఒక్కడివే వెళ్ళకు, ఫోను కట్టిన తాడు రెండో కొస ఇంకొకరి చేతిలో ఉండాలి. వెళ్ళేదేదో ఈ వారమే వెళ్ళు. షూటింగ్ పుణ్యమా అని ఊళ్ళో అందరి కళ్ళూ ఆ బావి మీద పడి ఉంటాయి. పాపం గిలక కిర్రుమంటోందని ఎవరో పెద్దాయన నూనె రాసేశాడంటే మళ్ళీ ఆ చప్పుడు నీకు దొరకదు.